ముసర రిపోర్టు నడిచిన దారి

1936 జూన్‌లో నన్ను కర్నూలు జిల్లా తూర్పు కొసనున్న ఒక తాలూకాకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. మార్కాపురానికి ఎడ్లబండిలో, కంభానికీ గిద్దలూరుకూ రైల్లో పోయి రాగల చోటు అది. అప్పట్లో ఈ ప్రాంతమంతా కర్నూలు జిల్లాలోనే ఉండేది. పొదిలి మాత్రం నెల్లూరు జిల్లా కిందికి వచ్చేది. నాతో పనిచేసినవారి బిడ్డలు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి తాలూకా పేరూ, నేను చెప్పబోయే ఊరి పేరూ రాయడం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

నా ఆసుపత్రి రెండు గదుల పెంకుటిల్లు. ముందు పశువును కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రం, పక్కన ఒక నీళ్ల తొట్టి. నా కింద ఖాసిం సాహెబు అనే కాంపౌండరు, ఒక నౌకరు ఉండేవారు. పై అధికారి జిల్లా కేంద్రంలో ఉండేవాడు. ఆయన కార్యాలయం నుంచి వచ్చే కవర్ల మీద నా ఇంటిపేరులో ఒక అక్షరం నేను బదిలీ అయ్యేదాకా తప్పుగానే ఉండేది. మూడుసార్లు రాసి, విసుగెత్తి, తప్పుడు అక్షరంతోనే సంతకం చేయడం మొదలుపెట్టాను.

ఈ ఉద్యోగంలో రెండు భాగాలున్నాయి. ఆసుపత్రికి తోలుకొచ్చిన కుంటి ఎద్దులకూ, పొదుగు వాచిన బర్రెలకూ వైద్యం చేయడం ఒకటి. అంటురోగం పుట్టిన ఊరికి వెళ్లి, అది పక్క ఊరికి పాకకుండా ఆపడం రెండోది. ఆ రోజుల్లో అంటురోగమంటే అన్నిటికంటే ముందు ముసర. జ్వరంతో మొదలయ్యేది. కళ్లు, ముక్కు కారి, నోరంతా పుండై, విరేచనాలు పట్టుకుని, వారం తిరగకముందే పశువు కూలబడేది. సోకినదానికి మా దగ్గర మందు లేదు. సోకనివాటికి మాత్రం సీరం ఎక్కిస్తే కొన్నాళ్ల రక్షణ ఉండేది. రోగాన్ని తట్టుకున్న పశువుల నెత్తురు నుంచి తీసే పసుపుపచ్చని ద్రవం అది. సీసాల్లో, చల్లగా కాపాడుకోవాలి. ఇదంతా చెప్పడం ఎందుకంటే, ముసర విషయంలో వైద్యుడి తెలివి కంటే అతడు ఊరికి ఎప్పుడు చేరాడన్నదే ముఖ్యం. ఒకటి రెండు గొడ్లు పడినప్పుడు చేరితే మంద దక్కుతుంది. ఆలస్యంగా చేరితే వైద్యుడు చేయగలిగింది చావుల పట్టిక రాయడమే.

ఇక కబురు నాకు ఎలా చేరేదో చెబుతాను.

ఊళ్లో గొడ్డు చచ్చిందంటే గ్రామ మునసబు రిపోర్టు రాసి తలారి చేతికి ఇస్తాడు. తలారి నడిచి తాలూకాఫీసుకు వస్తాడు. అక్కడ టపా గుమాస్తా దానికి నెంబరు వేస్తాడు. హెడ్ గుమాస్తా చూస్తాడు. తహసీల్దారు సంతకం చేయాలి. ఆయన క్యాంపులో ఉంటే వచ్చేదాకా కాగితం ఆగుతుంది. తరువాత అది జిల్లా కేంద్రానికి, మా పై అధికారికి పోతుంది. ఆయన కార్యాలయం మరో నెంబరు వేసి, ఫలానా ఊరికి వెళ్లి తగు చర్య తీసుకోవలసిందని నాకు రాస్తుంది. అప్పుడు నేను ఆ నెంబరు చూపించి సీరం కావాలని మళ్లీ జిల్లా కేంద్రానికే రాయాలి. సీరం పార్శిలు రైల్లో రావాలి. ఆ నెలకు ముందే మంజూరైన నా పర్యటన పట్టికలో ఆ ఊరి పేరు లేకపోతే, పట్టిక మార్చుకోవడానికి వేరే అనుమతి.

మా ఆసుపత్రికీ తాలూకాఫీసుకూ మధ్య ఒక గోడ. తలారి రిపోర్టు పట్టుకుని మా ముంగిట్లోంచే నడిచి వెళ్లేవాడు. మా తొట్టిలో కాళ్లు కడుక్కునేవాడు. ఆ కాగితం అక్కడి నుంచి కర్నూలు పోయి, తిరిగి గోడ ఇవతలికి రావాలి.

ఆ ఏడు చలికాలంలో కంభం వైపు ఒక ఊళ్లో ముసర తగిలినట్టు నాకు ఉత్తర్వు వచ్చింది. సీరం కోసం రాశాను, వచ్చింది. నేనూ ఖాసిం సాహెబూ రైలు దిగి బండి కట్టించుకుని బయలుదేరాం. దారిలో ఎదురుగా బరువైన బండ్లు వచ్చాయి. తోళ్ల వ్యాపారి బండ్లు. వాసన ముందుగా వచ్చి మమ్మల్ని దాటిపోయింది. ఖాసిం సాహెబు సీరం పెట్టె మీది తడిగుడ్డ సర్దాడు. తోళ్ల వ్యాపారికి తహసీల్దారు సంతకం అక్కరలేదు కదా.

ఊరి మొదట్లో ఒక ముసలి రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నా పెట్టెను, టోపీని ఎగాదిగా చూశాడు. "ఇప్పుడొచ్చినావా సామీ? సూదులు యాడేస్తావు, తోళ్లకేస్తావా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. దున్నే కాలానికి ఆ ఊళ్లో కాడి కట్టడానికి జత ఎడ్లు దొరకక మనుషులే గుంటక లాగారని తరువాత విన్నాను.

తిరిగి వచ్చాక నేను ఊరికే కూర్చోలేకపోయాను. రిపోర్టు ఎక్కడెక్కడ ఎందుకు ఆగుతుందో కనుక్కుందామని గోడ దాటి తాలూకాఫీసుకు వెళ్లాను. హెడ్ గుమాస్తా శేషగిరిరావు గారు మర్యాదస్తుడు. లంచం ముట్టడని పేరు. కాఫీ తెప్పించి, ఒక్కొక్క మెట్టు ఎందుకుందో వివరించాడు. నెంబరు లేకపోతే కాగితం పోయినప్పుడు ఎవరిని అడగాలి? సంతకం లేకపోతే బాధ్యత ఎవరిది? పై అధికారికి తెలియకుండా కింది అధికారి కదిలితే క్రమం ఏముంటుంది? ఆయన చెప్పిన ఏ ఒక్క మెట్టునూ నేను తప్పుపట్టలేకపోయాను. అన్నీ కలిపి చూస్తే గొడ్లు చస్తున్నాయి. ఆ సంగతి చెబితే ఆయన నిజంగానే బాధపడ్డాడు. "రూలు ఎవరి మీదా కక్షతో పెట్టింది కాదు డాక్టరు గారూ," అన్నాడు.

నేను మూడు మార్పులు కోరుతూ పై అధికారికి రాశాను. మునసబు ఒక అచ్చు కార్డును నేరుగా నాకే పోస్టులో వేయాలి. తాలూకాఫీసుకు పంపే రిపోర్టు మామూలుగా పోతూనే ఉంటుంది. కొంత సీరం ముందుగానే నా దగ్గర నిలవ ఉండాలి. కార్డు అందిన రోజున పర్యటన పట్టికతో పని లేకుండా బయలుదేరే వీలు నాకుండాలి. ఇంతే.

దీనికి వచ్చిన జవాబులు తలచుకుంటే నాకు ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. కార్డుల అచ్చు ఖర్చు ఏ పద్దు కింద రాయాలని ఒక ఉత్తరం. మునసబు రెవెన్యూ ఉద్యోగి కదా, పశువైద్య శాఖకు నేరుగా రాయవచ్చునా అని ఒకటి. నిలవ ఉన్న సీరం చెడిపోతే జవాబుదారీ ఎవరని ఇంకొకటి. నేనేనని రాశాను. అయితే అది చల్లగా ఉంటుందన్న హామీ ఏమిటని అడిగారు. తడి ఇసుకలో పాతిన కుండలో పెడతానని రాస్తే, కుండ కొలతలు పంపమన్నారు. కుమ్మరి వాములోంచి తీసిన కుండను గజంబద్దతో కొలిచి పంపాను. ఖాసిం సాహెబు ఆ రోజు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చివరకు మరుసటి ఏడు వానలు వెనకపట్టిన తరువాత ప్రయోగాత్మకంగా అనుమతి వచ్చింది. కార్డులు కట్టలు కట్టి ఊరూరికీ పంపాం. తలారులను పిలిచి, కార్డు ఎలా నింపాలో మునసబుకు చెప్పమని చెప్పాను. సీరం కుండలో సిద్ధంగా ఉంది. సంచీ సర్దిపెట్టుకుని కూర్చున్నాను.

ఒక్క కార్డు రాలేదు.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. మామూలుగా తాలూకాఫీసుకు వచ్చే రిపోర్టులు కూడా సన్నగిల్లాయి. శేషగిరిరావు గారు గోడ అవతలి నుంచి స్వయంగా వచ్చి అభినందించాడు. నా పథకం వల్లే ముసర తగ్గిందని ఆయన నమ్మకం. అలాగే పైకి రాశారు. కొద్ది రోజులకు జిల్లా కేంద్రం నుంచి నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది, ఇంటిపేరు తప్పుతో సహా. పక్క తాలూకాల్లో కూడా ఈ పద్ధతి పెట్టే విషయం ఆలోచిస్తున్నామని అందులో ఉంది. నేను చేసిందేమీ లేదు. ఒక్క సూది వేయలేదు. ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు అందిన మెచ్చుకోలు ఉత్తరాలు రెండే, ఇది మొదటిది.

ఆ ఉత్తరం అందిన వారంలోనే ఖాసిం సాహెబు రైలు స్టేషను నుంచి వచ్చి, "అయ్యా, తోళ్లు బాగా లోడవుతున్నాయి," అన్నాడు. వెళ్లి చూశాను. నిజమే. బండ్లు ఎక్కడి నుంచి వచ్చాయని బండివాళ్లను అడిగితే నల్లమల వైపు ఒక ఊరి పేరు చెప్పారు. అది దాచవలసిన సంగతని వాళ్లకు తెలియదు.

మర్నాడు ఆ ఊరికి వెళ్లాను. అడవి అంచున నలభై యాభై కొంపలు, చుట్టూ రాళ్ల నేల. కొర్ర, జొన్న తప్ప పండదు. ఊరి సగం బతుకు పశువుల మీదే. మునసబు చెన్నారెడ్డి ముప్పై ఏళ్లవాడు. తండ్రి పోయాక ఆ పని ఇతనికి వచ్చింది. వసారాలో మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, ఊళ్లో ఏ రోగమూ లేదన్నాడు.

"తోళ్లెక్కడివి?" అన్నాను.

అతడు మజ్జిగ చెంబు తీసి పక్కన పెట్టాడు.

"కార్డులు పంపాం కదా. ఒక్కటి వేయడానికి ఏం వచ్చింది నీకు?" అని కాస్త గట్టిగానే అడిగాను. కుండ కొలతలు పంపిన మనిషిని. ఆ మాత్రం కోపం నాకు హక్కు అనుకున్నాను.

అతడు లేచి చూరులో చెయ్యి పెట్టి కార్డుల కట్ట తీశాడు. తాడు కూడా విప్పలేదు. తెచ్చి మంచం మీద పడేశాడు.

"ఇంద, తీసుకొనిపోండి సామీ. మా నాయన మునసబుగా ఉండంగ ముసర తగిలింది. ఒక ఎద్దు సచ్చినప్పుడే రాసినాడు ఆయన. మీ రూలు ఎట్లుందో అట్లనే రాసినాడు. ముందర ఎవరొచ్చినారు? డాక్టరా? తాలూకా నౌకరు వచ్చినాడు. ఊరు దాటి గొడ్డు పోగూడదని టముకు ఏయించినాడు. మర్నాడు ఫారెస్టు గార్డు వచ్చి అడివిలో మేపుకునే చీట్లన్నీ లాక్కోనిపోయినాడు. పొదిలి సంతకు తోలుకొనిపోయి అమ్ముకుందామంటే బాటలో కాపలా. ఎండాకాలం, ఊర్లో గరికపోస లేదు. మీ డాక్టరు వచ్చేసరికి ముసర దాని దారిన అది పోయింది. రోగంతో సచ్చినవి సగమైతే మేత లేక సచ్చినవి సగం. మా నాయన్ను ఊరోళ్లు ఆయన కాటికి పోయేదాకా తిట్టినారు. ఆయన చేసిన తప్పేంది? రిపోర్టు రాసినాడు, అంతే. ఇప్పుడు మీరు ఇంకా బిరీన రాయమని కార్డులిచ్చినారు."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. ఏడాదిపాటు నేను రాసిన ఉత్తరాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కబురు వేగంగా పోయేలా చేశాను. కబురు పంపినవాడి ఇంటికి మొదట చేరేది ఏమిటో ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు. చేరేది శిక్ష అయినప్పుడు, నా పథకం వల్ల శిక్ష ముందుగా వస్తుంది. ఆ ఊరు ఎందుకు రాస్తుంది?

అతణ్ణి వెంటబెట్టుకుని ఊరి వెనకకు వెళ్లాను. గంగమ్మ అనే గొల్ల ఆవిడ పొదల మాటున ఒక ఆవును కట్టేసుకుని కూర్చుని ఉంది. ఆవు నోరు తెరిచి చూశాను. సందేహం లేదు. మిగిలినవి ఎక్కడని అడిగితే ఆమె చెన్నారెడ్డి ముఖం చూసింది. అతడు తల ఊపాక, "లోపల వాగు కాడ దాచిపెట్టినాం నాయనా. మా ఊరివన్నీ ఆడనే ఉండాయి," అంది. ఆ వాగు దగ్గరికి ఇంకెవరి మందలు వస్తాయని అడిగాను. చుట్టుపక్కల ఊళ్లవన్నీ వస్తాయట. ఎండాకాలం వస్తోంది, నీళ్లుండేది అక్కడే.

అంటే దాచడానికి ఎంచుకున్న చోటే రోగం అన్ని ఊళ్లకూ పంచే చోటు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

చెన్నారెడ్డితో బేరం పెట్టాను. మందలన్నీ తెల్లవారగానే ఊరి బయట బీడు నేలకు తోలించాలి. నేను సీరం వేస్తాను. కార్డు మాత్రం అతడు ఈ రోజే, నా ఎదుటే రాయాలి.

"గొడ్డు ఊరు దాటగూడదనే నోటీసు రాకుండా చేస్తారా?"

"అది నా చేతిలో లేదు. నౌకరు వచ్చేసరికి నేను ఇక్కడ సూది పట్టుకుని ఉంటానని మాత్రం చెప్పగలను. మేత సంగతి తహసీల్దారుతో నేనే మాట్లాడతాను."

"మాట్లాడి?"

"ఏం జరిగేదీ వచ్చి నీకే చెబుతాను."

"మా నాయన మాదిరి నాకూ పేరొస్తాది," అన్నాడు. అని, లోపలికి వెళ్లి సిరాబుడ్డి తెచ్చుకున్నాడు.

నేను చెప్పి వచ్చినట్టే ఖాసిం సాహెబు సీరం పెట్టెతో సాయంత్రానికి వచ్చి చేరాడు. మరునాటి పని ఎలా జరిగిందో వృత్తి తెలియనివారికి చెప్పాలి. ఒక్కొక్క పశువును తాడు వేసి పడదోసి, బరువును అంచనా కట్టి, మెడ దగ్గర చర్మం కింద సీరం ఎక్కించాలి. అడవి గొడ్లకు మనిషి అలవాటు తక్కువ. తన్నులు మాకు, దుమ్ము అందరికీ. జనం జబ్బుపడినవాటినే ముందు తెచ్చి, "దీనికెయ్యి సామీ, ఇది సచ్చేట్టుంది," అని బతిమాలేవారు. దానికి వేసి లాభం లేదని, బాగున్నవాటికే వేయాలని చెబితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. సూది వేస్తే పాలు ఎండిపోతాయని ఒకడు మందను వెనక్కి తోలుకుపోబోయాడు. చెన్నారెడ్డి అడ్డంగా నిలబడి, తన సొంత ఎడ్లను ముందు పడదోయించాడు. ఆ తరువాత గంగమ్మ తన ఆవులను తోలింది. ఆమె వెనక ఊరంతా వచ్చింది.

సీరం వేసిన మందలకు మేత చూపించడం తరువాతి పని. తహసీల్దారు అప్పుడు కంభంలో జమాబందీ క్యాంపులో ఉన్నాడు. ఊళ్ల లెక్కలు ఏటేటా తనిఖీ చేసే పని అది. అడవి చీట్లు ఫారెస్టు రేంజరు చేతిలో ఉంటాయి. ఆయన మకాం గిద్దలూరు. ఇద్దరూ ఒకే రైలు దారి మీద ఉన్నారు. అయినా ఒకరికొకరు ఏదైనా రాయాలంటే జిల్లా కేంద్రం మీదుగానే. నేను రైలెక్కి గిద్దలూరు పోయి, రేంజరు కాళ్లావేళ్లా పడినంత పని చేసి, కంభం తీసుకువచ్చి తహసీల్దారు ముందు కూర్చోబెట్టాను. శేషగిరిరావు గారు ఫైలుతో పక్కనే ఉన్నాడు.

ముసర తగిలినప్పుడు మేపుడు చీట్లు ఎందుకు ఆపుతారని అడిగాను. రేంజరు ఆశ్చర్యపోయాడు. "తాలూకాఫీసు నోటీసు వస్తుంది కాబట్టి ఆపుతాం. మాకేం పని?" అన్నాడు.

తహసీల్దారు కళ్లజోడు తీశాడు. "మేము అడవి చీట్లు ఆపమని ఎప్పుడు రాశాం? గొడ్లు ఊరు దాటి పోకూడదని మాత్రమే మా నోటీసు. అడవి మీ శాఖది."

"ఊరు దాటకపోతే అడవికెట్లా పోతాయండీ? అందుకని ఆపుతున్నాం."

"మీరు ఆపుతున్నారు కదా, అడవిలో రోగం ఉందేమోనని మేము కాపలా పెడుతున్నాం."

శేషగిరిరావు గారు ఫైలు వెనక్కి తిప్పుతూ పోయాడు. చీట్లు ఆపాలన్న ఉత్తర్వు ఎక్కడా దొరకలేదు. ఆ ఆజ్ఞకు తల్లీ లేదు, తండ్రీ లేదు. ఒక శాఖ భయం చూసి ఇంకో శాఖ భయపడింది. మధ్యలో ఒక ఊరి గొడ్లు మేత లేక చచ్చాయి. నేను నోరు తెరిస్తే అనకూడని మాట వస్తుందని కిటికీలోంచి చెరువు కట్ట వైపు చూస్తూ కూర్చున్నాను.

అంతా తెలిసిన తరువాత కూడా పని వెంటనే కాలేదు. ఇంతకు ముందు ఇలా చేసిన దాఖలా లేదని శేషగిరిరావు గారు అన్నాడు. అడవిలో ఒక మూలను కేటాయిస్తే హద్దులు ఎవరు చూపాలని రేంజరు అడిగాడు. జమాబందీకి వచ్చిన కరణాలు బయట ఎండలో నిలబడి ఉన్నారు. తహసీల్దారు చివరకు నా వైపు తిరిగి, "డాక్టరు గారూ, మీరు ఈ గదిలోంచి వెళ్లాలంటే నేనేం రాయాలో చెప్పండి," అన్నాడు.

చెప్పాను. కార్డు వచ్చినప్పుడు డాక్టరు ఊరికి చేరిన తరువాతే నోటీసు వెళ్లాలి. జబ్బుపడినవి ఊళ్లోనే ఒక దొడ్డిలో ఉండాలి. సీరం వేసిన మందలకు, వేరే మందలు రాని ఒక వాగు పక్క అడవిలో మేత చూపాలి. ఈ మూడూ ఆయన అలాగే రాసి సంతకం చేశాడు. రేంజరు కూడా సంతకం చేశాడు. దీన్ని ఏ పేరుతో ఫైలు చేయమంటారని శేషగిరిరావు గారు అడిగాడు. "తాత్కాలిక ఏర్పాటు," అన్నాడు తహసీల్దారు.

నేను మళ్లీ ఊరికి వెళ్లి చెన్నారెడ్డికి ఆ సంగతి చెప్పాను. గార్డు వచ్చి మేత మూల చూపించాడు, చీట్లు అడగలేదు. గంగమ్మ ఆవు చచ్చిపోయింది. దాని దూడ కూడా పోయింది. ఊళ్లో ఇంకొన్ని కూలాయి. మిగిలిన మంద అంతా దక్కింది. చుట్టుపక్కల ఊళ్లలో కూడా ముందుగానే సీరం వేయగలిగాం. తోళ్ల బండ్లు ఆ వేసవిలో ఇంకో దిక్కుకు మళ్లాయి. నేను సెలవు తీసుకుంటున్నప్పుడు గంగమ్మ, "ఆవు పోయింది గానీ పెయ్యలు నిలిచినాయి నాయనా," అని మాత్రం అంది. చెన్నారెడ్డి కార్డుల కట్ట తాడు విప్పి, ఎన్నున్నాయో చూసుకుని, ఇంకొన్ని కావాలన్నాడు.

ఆ తరువాత కార్డులు రావడం మొదలైంది. ఎంతగా వచ్చాయంటే, రాని రోజులే నయమనిపించింది. గొడ్డుకు కడుపు ఉబ్బితే కార్డు. బర్రె కొమ్ము విరిగితే కార్డు. ఒక ఊరి మునసబు తన పిచ్చికుక్క గురించి రాశాడు. ఇంకొకడు అత్తగారి చలిజ్వరం గురించి రాసి, డాక్టరు గనుక ఏ మందైనా పంపగలరని కోరాడు. కార్డు అందితే కదలాలన్నది నేను కోరి తెచ్చుకున్న షరతు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఆ విరిగిన కొమ్ముల దగ్గరికి కూడా వెళ్లాను. వాటి మధ్యలో అసలైన ముసర కార్డులు కూడా వచ్చేవి. అవి మొదటి గొడ్డు పడినప్పుడే వచ్చేవి.

ఇంతలో జిల్లా కేంద్రం నుంచి మెమో వచ్చింది. నా పరిధిలో ముసర రిపోర్టులు హఠాత్తుగా పెరిగాయి. మెచ్చుకోలు పొందిన పథకం ఇలా విఫలం కావడానికి కారణం ఏమిటో సంజాయిషీ ఇవ్వవలసింది. ఎవరూ నిజం చెప్పనప్పుడు మెచ్చుకున్నారు. చెప్పడం మొదలుపెట్టగానే సంజాయిషీ అడిగారు. ఆవేశంలో మొదట రాసిన జవాబు ఖాసిం సాహెబు చదివి, దాన్ని టపాలో వేయనని మొండికేశాడు. రెండోది నేనే చించేశాను. చివరకు శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మెమో రెండుసార్లు చదివి, "రోగం పెరగలేదండీ, నిఘా పెరిగింది. అట్లా రాయండి," అన్నాడు. అదే రాశాను. జిల్లా కేంద్రం తృప్తిపడింది. ఆ మాట నాకు ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

1939లో నన్ను డెల్టా ప్రాంతానికి బదిలీ చేశారు. నా తరువాత వచ్చిన డాక్టరుకు ఈ కార్డుల గోల నచ్చలేదని, పాత పద్ధతికి మార్చమని అడిగాడని కొంతకాలానికి తెలిసింది. శేషగిరిరావు గారు ఒప్పుకోలేదట. రద్దు చేయాలన్నా పెట్టినప్పుడు నడిచినన్ని ఉత్తరాలూ మళ్లీ నడవాలని ఆ డాక్టరుకు చెప్పాడట. ఆ తాత్కాలిక ఏర్పాటు నా సర్వీసు ముగిసేదాకా అలాగే ఉందని విన్నాను. నేను పథకం వేసి, రైళ్లెక్కి, గజంబద్దతో కుండ కొలిచి సాధించిన దాన్ని నిలబెట్టింది, దాన్ని తీసేయడంలో ఉన్న శ్రమే.

ఆ తరువాత ఎక్కడ పనిచేసినా, ఏ పద్ధతినైనా మార్చమని ఎవరైనా నాతో అన్నప్పుడు, కాగితం ఎన్ని చేతులు మారుతోందో చివర్లో చూసేవాణ్ణి. దాన్ని రాసినవాడికి మరునాడు ఏం జరుగుతోందో ముందుగా అడిగేవాణ్ణి. చాలాచోట్ల ఆలస్యానికి కారణం అక్కడే దొరికింది.